తట్టి చూడని బండ

తాడిపత్రిలో మా పాలిష్ మిల్లు ముందర
నాపరాయి బండలు గోడకానించి నిలబెట్టుంటాయి.
వేలి కణుపుతో ఒకసారి తడితే చాలు,
మంచి బండ కంచు చెంబు మాదిరి ఖంగుమంటాది,
లోపల పగులుంటే దగ్గుతాది.
ముప్పై ఏండ్లు ఈ చెవి పెట్టుకోనే బతికినా.

ఆ పొద్దు ఆపీసు గది తెరిచి చూస్తే
కంప్యూటరు నిండా ఎర్రటి తెర.
లెక్కలన్నిటికీ తాళమేసినామని,
తాళంచెవి కావాలంటే డాలర్లు పంపమని,
మూడు దినాలే గడువని.
పక్కన గడియారమొకటి వెనక్కి తిరుగుతాండాది.
బళ్లారి బాకీలు, సోలాపూరు లోడులు,
లారీ బాడుగలు, హమాలీల అడ్వాన్సులు,
అన్నీ ఉన్నచోటనే ఉన్నాయి,
ఒక్కటీ చదవను రాదు.

రాత్రంతా గేటు కాడ కుక్క కూడా మొరగలేదంటాడు
కావిలి ఓబులేసు. గొలుసు చూపిస్తాడు, బీగం చూపిస్తాడు.
పాపం, వానిది నిజమే.

అనంతపురం నుంచి వన్నూరు
ఫోన్లోనే వైరు పీకమన్నాడు,
గంటన్నరకు బండి మీద దిగినాడు.
కుర్చీ లాక్కోని నెమ్మదిగా అడిగినాడు:
"ఎవరు ఏది తెరిచినారు?
తిట్టను గాదు మామా,
యాడ బొక్క పడిందో తెలిస్తేనే గదా పూడ్చేది."

నేను హంపమ్మ దిక్కు చూసినా.
నన్ను చూసి మా తమ్ముడు చూసినాడు,
లారీ బ్రోకరూ చూసినాడు.
నెలకు తొమ్మిది వేలకు లెక్కలు రాసే పిల్ల
చున్నీ కొస వేలికి చుట్టుకుంటా
"నేను తెరవలేదు సార్" అనింది.
ఎవరూ నమ్మలేదు.
నేను నమ్మినా.
నమ్మి, నోరు మూసుకున్నా.

ముందు రోజు రాత్రి పదకొండింటికి
హుబ్బళ్లి మహదేవప్ప పేరుతో ఒక మెయిల్:
"మీ పాత బాకీ కట్టినాను, రసీదు చూడండి."
నాలుగేండ్ల బాకీ. నాలుగు లక్షలు.
పొద్దున ఫోను చేసి అడగొచ్చు గదా?
ఆశకు అంత ఓపిక యాడిది!
తట్టి చూడకుండా నొక్కినా.
ఏమీ తెరుచుకోలేదు. పండుకున్నా.

రెండు దినాలు ఆ పిల్ల క్యారియర్ మూత తీయలేదు.
మూడో దినం అన్నా, "నేనే నొక్కినాను రా వన్నూరూ."
నా గొంతు నాకే పగిలిన బండ మాదిరి దగ్గింది.
వాడు తలెత్తలేదు.
"మొన్ననే చెప్పుంటే..." అని ఆపేసినాడు.

హంపమ్మ సంచిలోంచి
ఒక పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టింది.
పోయినేడు అది కొనను నాలుగొందలు అడిగితే
"రాళ్లు అమ్మేటోళ్లకు అవన్నీ ఎందుకు" అన్నది నేనే.
సొంత దుడ్డుతో కొనింది.
శనివారం శనివారం లెక్కలు దాంట్లోకి దించుకునింది.
"మొన్న ఇచ్చుంటే
ఇది గూడా నా దొంగతనమే అంటారనుకున్నా సార్."

ఉగాది దాకా ఉన్నాయి.
ఆ మీద ఆమెకు జొరమొచ్చింది, తర్వాత మరిచిపోయింది.
మిగతా రెండు నెలలూ ఫోన్లు చేసి అడుక్కున్నాం.
ఇచ్చేటోళ్లు ఇచ్చినారు,
కొందరు "యా బాకీ?" అన్నారు.
డాలర్లు మాత్రం పంపలేదు.

ఇప్పుడు పెన్‌డ్రైవులు రెండు, ఒకటి మిల్లులో ఉండదు.
పాస్‌వర్డు మా లారీ నంబరు గాదు.
బ్యాంకు ఖాతా మారిందని ఎవరు రాసినా
పాత నంబరుకు ఫోను చేసి గొంతు వినాల్సిందే.
వన్నూరు ఇంకా ఏమేమో బిగించినాడు,
వాటి పేర్లు నాకు నోరు తిరగవు.

నిన్న మధ్యాన్నం, కోత మిషన్ల హోరులో
హంపమ్మ పరిగెత్తుకుంటా వచ్చింది.
చేతులు వణుకుతాండాయి.
"సార్, ఒకటి నొక్కినా."
మిషన్ ఆపమన్నా.
ఇంకోసారి చెప్పింది.
వణికేది చేతులే, గొంతులో పగుల్లేదు.
"వైరు?"
"పీకే వచ్చినా."
బూడిదరంగు రాతిబురద చెప్పుల కింద జారుతాంటే
ఇద్దరం ఆపీసు దిక్కు నడిచినాం.